కొలిమిలో కాలిపోయిన ముడిసరుకు: ఆల్బర్టా ఆయిల్ శాండ్స్, పెట్రోకెమికల్స్ ఎక్కడ కలిశాయి?

కెనడాలోని ఆల్బర్టా ప్రావిన్స్‌లో, ఫోర్ట్ మెక్‌మర్రీ ఊరి దగ్గర 1967 నుంచి ఇసుకలోంచి పెద్ద ఎత్తున నూనె తీస్తున్నారు. ఆ చిక్కటి నూనెను పల్చన చేసేటప్పుడు కొంత గ్యాస్ కూడా పుడుతుంది. అందులో ఇథిలీన్ ఉంటుంది, ప్రొపిలీన్ ఉంటుంది. రోజూ ఇంటికొచ్చే పాల ప్యాకెట్ కవరుకు మూలం ఇథిలీన్. బియ్యం బస్తాకు, సిమెంట్ బస్తాకు, పెళ్లిళ్లలో వరసగా వేసే ప్లాస్టిక్ కుర్చీకి మూలం ప్రొపిలీన్. అంత పనికొచ్చే సరుకును అక్కడి ప్లాంట్లు ఏళ్ల తరబడి తమ కొలిముల్లోనే ఇంధనంగా కాల్చేశాయి. అది మంటలో పడకుండా పట్టుకునే ప్లాంటు 2002లో గానీ రాలేదు.

ఆయిల్ శాండ్స్‌ను పెట్రోకెమికల్ పరిశ్రమతో కలపాలన్న మాట వచ్చినప్పుడల్లా చాలామంది ఒకే బొమ్మ ఊహించుకుంటారు. ఒకవైపు నల్లటి బిటుమెన్ (ఇసుకలోంచి తీసే ఆ చిక్కటి నూనె) పోస్తే రెండోవైపు తెల్లటి ప్లాస్టిక్ గుళికలు రాలే మహా కర్మాగారం. అలాంటిది ఆల్బర్టాలో ఇంతవరకు రాలేదు. అలాగని రెండు పరిశ్రమలూ ఎవరి దారి వాళ్లదిగా ఉండిపోయాయనుకుంటే పొరపాటు. అవి కలిశాయి. బిటుమెన్‌ను విరగ్గొట్టినప్పుడు పైకి లేచే గ్యాస్ దగ్గర కలిశాయి, హైడ్రోజన్ దగ్గర కలిశాయి, బెంజీన్ దగ్గర కలిశాయి. అసలు సరుకైన బిటుమెన్ దగ్గర మాత్రం కలవలేదు. ఎందుకు కలవలేదో తెలియాలంటే ఆ ఇసుక ముద్ద దగ్గరే మొదలుపెట్టాలి.

రేణువు చుట్టూ నీటి పొర

ఆయిల్ శాండ్ ముద్ద చూడ్డానికి తడి నల్లమట్టిలా ఉంటుంది. కొత్తగా వేసిన తారురోడ్డు వాసన వస్తుంది. ఎండాకాలం చేతికి అంటుకుంటుంది, చలికాలంలో రాయిలా గట్టిపడుతుంది. బరువులో బిటుమెన్ పది, పన్నెండు శాతమే. మిగిలిందంతా ఇసుక, బంకమన్ను, నీరు. అయితే ఇందులో ఒక అదృష్టం దాగి ఉంది. ప్రతి ఇసుక రేణువు చుట్టూ సన్నని నీటి పొర ఉంటుంది, బిటుమెన్ ఆ పొరకు అవతల ఉంటుంది. నూనె నేరుగా ఇసుకను పట్టుకుని ఉంటే విడదీయడం చాలా కష్టమయ్యేది. నీటి పొర ఉండబట్టే వేడినీళ్లు పోసి కలిపితే బిటుమెన్ విడిపోయి, గాలి బుడగలకు అంటుకుని నురగలా పైకి తేలుతుంది. కార్ల్ క్లార్క్ అనే శాస్త్రవేత్త 1920ల్లో ఈ వేడినీటి పద్ధతిని ఒక దారికి తెచ్చాడు. నేటికీ గనుల్లో తవ్వే ఆయిల్ శాండ్‌కు ఆధారం అదే. ఒక బారెల్ నూనెకు సుమారు రెండు టన్నుల ఇసుక తవ్వాలి. తవ్వలేనంత లోతున ఉన్నచోట భూమిలోకి ఆవిరి పంపి, బిటుమెన్‌ను కరిగించి బావిలోంచి తోడతారు.

ఇంత కష్టపడి తీసింది పెట్రోలులా పారేది కాదు. మామూలు వేడిలో పోసినా జారదు. బరువు దాదాపు నీళ్లంత. గంధకం ఐదు శాతానికి దగ్గరగా ఉంటుంది. నికెల్, వెనేడియం లాంటి లోహాలూ ఉంటాయి. శూన్యంలో పెట్టి మరిగించినా దాదాపు సగం ఆవిరి కాకుండా అడుగున మిగిలిపోతుంది.

పెట్రోకెమికల్స్ వైపు నుంచి చూస్తే అన్నిటికంటే పెద్ద సమస్య హైడ్రోజన్. బిటుమెన్ బరువులో హైడ్రోజన్ పది, పదిన్నర శాతం. పాలీఎథిలీన్, పాలీప్రొపిలీన్లలో అది పద్నాలుగు శాతం పైన. ఆ మూడు, నాలుగు శాతం తేడా కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికే వేల కోట్ల డాలర్ల యంత్రాలు నిలబెట్టారు. పూడ్చే దారులు రెండే. కార్బన్‌ను తీసెయ్యాలి, లేదా హైడ్రోజన్‌ను చేర్చాలి. మొదటి దారి కోకింగ్. రెండో దారి ఉత్ప్రేరకం సాయంతో, బాగా ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్ ఎక్కించడం. ఈ పనులు చేసే ప్లాంటును అప్‌గ్రేడర్ అంటారు. అక్కడినుంచి బయటికొచ్చే తేలికైన నూనె పేరు సింథటిక్ క్రూడ్.

కోకర్ దగ్గర ఏం జరుగుతుంది

కోకింగ్‌లోనే ఒక రకాన్ని దగ్గరగా చూస్తే గ్యాస్ కథ తేలిగ్గా అర్థమవుతుంది. అడుగున మిగిలిన చిక్కటి సరుకును కొలిమి గొట్టాల గుండా చాలా వేగంగా పంపుతూ 500 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడి చేస్తారు. వేగం ఎందుకంటే, గొట్టంలో ఆలస్యమైతే అక్కడే బొగ్గు కట్టి గొట్టం మూసుకుపోతుంది. కొలిమి దాటాక ఆ సరుకు ఎత్తయిన ఉక్కు డ్రమ్ములోకి చేరుతుంది. ఒక్కో డ్రమ్ము మేడంత ఉంటుంది. అక్కడ తొందర ఉండదు. గంటల తరబడి ఆ వేడిలోనే ఉండి పెద్ద అణువులు పుటుక్కున విరుగుతుంటాయి. తేలికైనవి ఆవిరై పైనుంచి పోతాయి. మిగిలిన కార్బన్ డ్రమ్ములో బొగ్గులా గట్టిపడుతుంది, దాన్నే కోక్ అంటారు. డ్రమ్ము నిండగానే సరుకును పక్క డ్రమ్ముకు మళ్లిస్తారు. నిండినదాన్ని ఆవిరితో కడిగి, నీళ్లతో చల్లార్చి, పైమూత, కింద మూత తీసి, బలమైన నీటిధారతో కోక్‌ను కోసి కిందికి రాలుస్తారు. ఖాళీ కాగానే మళ్లీ మొదలు. రాత్రీపగలూ ఈ వంతులు సాగుతూనే ఉంటాయి.

అణువు విరిగినచోట రెండు చివరలూ హైడ్రోజన్ కోసం వెతుకుతాయి. కోకర్‌లో బయటినుంచి హైడ్రోజన్ ఇచ్చేవాళ్లు ఉండరు. దొరకనప్పుడు పక్కపక్కన ఉన్న రెండు కార్బన్లు తమలో తామే జంట బంధం వేసుకుంటాయి. ఇథిలీన్‌కు, ప్రొపిలీన్‌కు విలువ ఆ జంట బంధం వల్లే. ప్లాస్టిక్ గొలుసు అల్లుకునేది ఆ బంధం విప్పుకునే. కాబట్టి ద్రవ ఇంధనాన్ని పాడుచేసే హైడ్రోజన్ కరువే గ్యాస్‌కు విలువ తెచ్చిపెడుతోంది. రెండో దారిలో, అంటే హైడ్రోజన్ ఎక్కించే అప్‌గ్రేడర్లలో, ఈ జంట బంధాలు నిండిపోతాయి. అక్కడి గ్యాస్‌లో ఎక్కువగా దొరికేవి ఈథేన్, ప్రొపేన్. ఏ అప్‌గ్రేడర్ పక్కన ఏ కెమికల్ ప్లాంటు పెట్టాలో తేల్చేది ఈ తేడానే. సాధారణ చర్చల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

మరి ఇంత విలువైన గ్యాస్‌ను ఎందుకు కాల్చారు? అప్పటి పరిస్థితుల్లో అది మూర్ఖత్వమేమీ కాదు. ఫోర్ట్ మెక్‌మర్రీ నుంచి ఆల్బర్టా రాజధాని ఎడ్మంటన్‌కు రోడ్డు దారిన 400 కిలోమీటర్లకు పైనే. ప్లాస్టిక్ ప్లాంట్లన్నీ ఎడ్మంటన్ చుట్టుపక్కల, ఇంకా దక్షిణాన ఉన్నాయి. మంచుకాలంలో సున్నాకు కింద 40 డిగ్రీల దాకా పోయే చోట అప్‌గ్రేడర్‌కు వేడి ఎంతైనా కావాలి. ఉచితంగా పుట్టే గ్యాస్ చేతిలో ఉంది. పైగా ఆ గ్యాస్ శుభ్రమైనది కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఎసిటిలీన్, నైట్రోజన్ ఆక్సైడ్లు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. అందులో ఈ చివరివి మరీ ప్రమాదం. గ్యాస్‌ను బాగా చల్లబరిచినప్పుడు అవి కొన్ని పదార్థాలతో కలిసి జిగురులా పేరుకుంటాయి. ఆ జిగురు పేలే గుణం ఉన్నది. అందుకే ముందు శుభ్రం చేసి, తడి ఆరబెట్టి, ప్రతి దశలోనూ కనిపెట్టుకుంటూ చల్లబరచాలి. ఇదంతా ఖర్చుతో కూడిన పని.

2002లో విలియమ్స్ అనే అమెరికన్ కంపెనీ, ఆయిల్ శాండ్స్ తవ్వే సన్‌కోర్ కంపెనీ అప్‌గ్రేడర్ పక్కన ఆ పని మొదలుపెట్టింది. అప్‌గ్రేడర్ గ్యాస్‌ను తీసుకుని, అందులోంచి ప్రొపేన్, ప్రొపిలీన్, వాటికంటే బరువైనవి ద్రవంగా వేరుచేసి, మిగిలిన మీథేన్, హైడ్రోజన్ లాంటివి తిరిగి అప్‌గ్రేడర్‌కే ఇచ్చింది. తగ్గిన వేడికి బదులు సహజవాయువు వాడుకోవాలి. వ్యాపారం మొత్తం ఈ మార్పిడి మీదే నడుస్తుంది. వేడి ఇవ్వడానికి చవకైన సహజవాయువు సరిపోతుంది, ప్రొపిలీన్ అక్కర్లేదు. సహజవాయువులో హైడ్రోజన్ పాలు ఎక్కువ కాబట్టి అంతే వేడికి బొగ్గుపులుసు వాయువు తక్కువ వస్తుంది. కొలిమిలో కాలే గంధకమూ తగ్గుతుంది. పర్యావరణానికీ, లాభానికీ ఒకేసారి మేలు జరిగే సందర్భాలు ఈ పరిశ్రమలో అరుదు. ఇది అలాంటి అరుదైనవాటిలో ఒకటి.

ఇంకో తెలివైన నిర్ణయం కూడా ఇక్కడ కనిపిస్తుంది. వేరుచేసిన ద్రవాలను ఉత్తరాన ఒక్కొక్కటిగా విడదీయలేదు. అన్నీ కలిపే పైపులైనులో ఎడ్మంటన్ దగ్గరి రెడ్‌వాటర్‌కు పంపి అక్కడ విడదీశారు. మొదట్లో సన్‌కోర్ నూనె పైపులోనే వంతులవారీగా పంపేవారు. 2012లో బోరియల్ పేరుతో సుమారు 420 కిలోమీటర్ల సొంత పైపులైను వచ్చింది. ఆ తర్వాత ఈథేన్, ఇథిలీన్ మిశ్రమాన్ని కూడా పట్టుకుని, జాఫ్రీలోని నోవా కెమికల్స్ ప్లాంటుకు అమ్మడం మొదలైంది. మనుషులు, కూలి, కట్టుబడి ఖర్చు అన్నీ ఎక్కువగా ఉండే ఉత్తరాన వీలైనంత తక్కువ పని, రైలు, కొనేవాళ్లు అందుబాటులో ఉన్న దక్షిణాన మిగతా పని. దూరం అనే పాత సమస్యకు దొరికిన సమాధానం ఇదే. 2016లో కెనడియన్ నేచురల్ సంస్థకు చెందిన హొరైజన్ అప్‌గ్రేడర్ పక్కన రెండో ప్లాంటు వచ్చింది. అదే ఏడాది ఈ వ్యాపారమంతా ఇంటర్ పైప్‌లైన్ అనే కెనడా కంపెనీ చేతికి వెళ్లింది.

ఇంటర్ పైప్‌లైన్ తర్వాతి మెట్టు ఎక్కింది. ప్రొపేన్‌లోంచి హైడ్రోజన్ తీసేసి ప్రొపిలీన్ చేసి, దాన్ని అక్కడికక్కడే పాలీప్రొపిలీన్ గుళికలుగా మార్చే హార్ట్‌లాండ్ కాంప్లెక్స్ కట్టింది. ఏటా 5.25 లక్షల టన్నుల సామర్థ్యం. 2022లో ఉత్పత్తి మొదలైంది. ఈ ప్లాంటులో ఒక గోపురం గురించి చెప్పకుండా ఉండలేం. ప్రొపేన్, ప్రొపిలీన్ మరిగే ఉష్ణోగ్రతల మధ్య తేడా ఐదారు డిగ్రీలే. అంత దగ్గరగా ఉన్నవాటిని విడదీయాలంటే లోపల అంతస్తుల మీద అంతస్తులుగా పళ్లేలు పేర్చిన చాలా ఎత్తయిన గోపురం కావాలి. ఎడ్మంటన్‌లో తయారైన ఆ గోపురం పొడవు 96 మీటర్లు, బరువు 800 టన్నుల పైన. 2019 జనవరిలో దాన్ని పడుకోబెట్టి, వందల చక్రాల బండి మీద, రోడ్డు మొత్తం ఆక్రమించుకుంటూ హార్ట్‌లాండ్‌కు చేర్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదు డిగ్రీల తేడా ఎంత బరువైనదో ఆ రోడ్డు పక్కన నిలబడి చూసినవాళ్లకు కళ్లకు కట్టినట్టు తెలిసి ఉంటుంది.

ఒకరికి మిగులు, ఒకరికి కరువు

ఎడ్మంటన్‌కు ఈశాన్యంగా ఉన్న పారిశ్రామిక వాడను ఇండస్ట్రియల్ హార్ట్‌లాండ్ అంటారు. అక్కడి స్కాట్‌ఫర్డ్‌లో షెల్ కంపెనీ 1984లో ఒక రిఫైనరీ తెరిచింది. మామూలు ముడిచమురు కాకుండా కేవలం సింథటిక్ క్రూడ్‌నే శుద్ధి చేసేందుకు కట్టిన రిఫైనరీ అది. బిటుమెన్‌లో ఉంగరాల ఆకారపు అణువులు ఎక్కువ. ఆ వారసత్వం సింథటిక్ క్రూడ్‌కూ వస్తుంది. దానిలోని నాఫ్తాను (పెట్రోలు లాంటి తేలిక ద్రవాన్ని) రిఫార్మర్ అనే యూనిట్‌లో పెడితే ఆ ఉంగరాలు బెంజీన్‌గా మారతాయి. పెట్రోలులో బెంజీన్ ఎక్కువ ఉండకూడదు, ఆరోగ్యానికి చేటు. కాబట్టి అది రిఫైనరీకి తలనొప్పి. పక్కనే ఉన్న స్టైరీన్ ప్లాంటుకు మాత్రం అదే ప్రాణం. బెంజీన్‌కు ఇథిలీన్ కలిపితే స్టైరీన్‌కు దారి ఏర్పడుతుంది. టీవీలకు, ఫ్రిజ్‌లకు చుట్టూ పెట్టే తెల్లటి థర్మకోల్ స్టైరీన్ నుంచే వస్తుంది. ఉంగరాల అణువులను కష్టపడి విరగ్గొట్టే బదులు, ఉంగరాన్ని ఉంగరంగానే అమ్ముకోవడం ఇక్కడి కిటుకు. బిటుమెన్ స్వభావానికి ఎదురీదకుండా చేసిన అనుసంధానాల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

2003లో అదే ప్రాంగణంలో అప్‌గ్రేడర్ మొదలైంది. బిటుమెన్‌ను గని దగ్గర కాకుండా ఇక్కడ పల్చన చేయాలని తీసుకున్న నిర్ణయమే అసలు కీలకం. పల్చటి ద్రావకం కలిపి బిటుమెన్‌ను పైపులో దక్షిణానికి తెస్తారు, ద్రావకాన్ని వేరుచేసి ఇంకో పైపులో వెనక్కి పంపుతారు. ఈ అప్‌గ్రేడర్ రెండో దారిది, కాబట్టి హైడ్రోజన్ కోసం ఎప్పుడూ ఆకలే. పక్క ఊరు ఫోర్ట్ సస్కాచెవాన్‌లో డౌ కెమికల్ ప్లాంటు ఈథేన్ నుంచి ఇథిలీన్ చేస్తుంది. ఈథేన్ అణువులోంచి రెండు హైడ్రోజన్ పరమాణువులు ఊడితేనే ఇథిలీన్ అవుతుంది, అంటే ప్రతి ఇథిలీన్ అణువుకూ ఒక హైడ్రోజన్ అణువు మిగులుతుంది. మామూలుగా దాన్ని కొలిమిలో కాల్చేస్తారు. ఇక్కడ పైపులైనులో అప్‌గ్రేడర్‌కు చేరే ఏర్పాటు చేశారు. ప్లాస్టిక్ చేసేవాళ్లకు మిగిలేది, నూనె చేసేవాళ్లకు కావాల్సింది ఒకటే కావడం వల్ల కుదిరిన ఇరుగుపొరుగు ఇది. ఇదొక్కటే హైడ్రోజన్ కొరత తీర్చేయదు. అప్‌గ్రేడర్ సహజవాయువు నుంచి సొంతంగానూ చాలా తయారుచేసుకోవాలి, ఆ తయారీలో బొగ్గుపులుసు వాయువు విపరీతంగా వస్తుంది. 2015 నుంచి క్వెస్ట్ ప్రాజెక్టు అందులోంచి ఏటా సుమారు పది లక్షల టన్నులు పట్టుకుని రెండు కిలోమీటర్లకు పైగా లోతున్న ఇసుకరాతి పొరలోకి పంపుతోంది.

2011లో ఈ అప్‌గ్రేడర్ గ్యాస్ కోసం కూడా పక్కనే ఒక ప్లాంటు వచ్చింది. ఇక్కడ ఈథేన్ ఎక్కువ, అది ఇథిలీన్ ప్లాంట్లకు వెళ్తుంది. ఆల్బర్టాలో అప్పట్లో ఈథేన్‌కు కటకటగా ఉండేది. సహజవాయువు క్షేత్రాల దిగుబడి తగ్గి, 1979 నుంచి ఈథేన్ మీదే నడుస్తున్న జాఫ్రీ ప్లాంట్లు ముడిసరుకు కోసం వెతుక్కున్నాయి. 2014లో అమెరికాలోని నార్త్ డకోటా నుంచి వాంటేజ్ పైపులైను ద్వారా ఈథేన్ దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఆయిల్ శాండ్స్ గ్యాస్ కాలుతుండగా పక్కదేశం నుంచి ఈథేన్ కొనడం చూస్తే బాధ కలుగుతుంది.

బిటుమెన్ దాకా ఎందుకు రాలేదు

ఇక అసలు సరుకు సంగతి. బిటుమెన్‌లోని మధ్య భాగం, అంటే గ్యాస్ ఆయిల్, పరిమాణంలో చాలా పెద్దది. దాన్నే ఇథిలీన్, ప్రొపిలీన్‌గా మార్చగలిగితే అన్న ఆలోచన 2000ల్లో ఆల్బర్టాలో గట్టిగా నడిచింది. నోవా కెమికల్స్ లాంటి సంస్థలు పరిశోధన చేశాయి. అడ్డం వచ్చింది మళ్లీ ఉంగరాలే. ఈథేన్‌ను ఆవిరితో కలిపి 800 డిగ్రీల పైన వేడి చేస్తే 80 శాతం దాకా ఇథిలీన్ వస్తుంది. నాఫ్తా అయితే 30 శాతం దగ్గర. గ్యాస్ ఆయిల్ అయితే అంతకంటే తక్కువ. బిటుమెన్ గ్యాస్ ఆయిల్ మరీ మొండిది. రెండు మూడు బెంజీన్ ఉంగరాలు అతుక్కున్న అణువులకు పక్కన వేలాడే గొలుసులు మాత్రమే విరుగుతాయి. ఉంగరాలు విరగవు సరికదా, ఒకదానికొకటి అతుక్కుని కొలిమి గొట్టాల్లో బొగ్గు కడతాయి. ముందే ఉంగరాలను హైడ్రోజన్‌తో విప్పి, తర్వాత విరగ్గొట్టవచ్చు. ప్రయోగశాలలో అది సాధ్యమే. మళ్లీ హైడ్రోజన్ ఖర్చు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో షేల్ గ్యాస్, అంటే షేల్ అనే రాతి పొరల్లోంచి తీసే గ్యాస్ పొంగింది. ఈథేన్ కారుచవక అయిపోయింది. 80 శాతం ఇచ్చే ముడిసరుకు అంత చవగ్గా దొరుకుతుంటే, మొండి గ్యాస్ ఆయిల్‌తో కుస్తీపట్టడానికి ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది? కొత్త అప్‌గ్రేడర్ల ప్రణాళికలే ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సన్‌కోర్, టోటల్ కలిసి కట్టబోయిన వోయేజర్ అప్‌గ్రేడర్‌ను 2013లో రద్దు చేశారు.

ఇంకో అడ్డంకి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. అది డైల్యూయెంట్, అంటే బిటుమెన్‌ను పైపులో పారించడానికి కలిపే పల్చటి ద్రావకం. అమ్మకానికి పంపే మిశ్రమంలో సుమారు 30 శాతం అదే. మామూలు రిఫైనరీ దేశాల్లో పెట్రోకెమికల్స్‌కు వెళ్లే నాఫ్తా లాంటి తేలిక ద్రవాలకు ఆల్బర్టాలో మొదటి గిరాకీ ఈ ద్రావకంగానే. చాలక అమెరికా నుంచి సదర్న్ లైట్స్, కోచిన్ పైపులైన్ల ద్వారా తెప్పించుకుంటున్నారు. కాబట్టి ఆయిల్ శాండ్స్ పెరిగేకొద్దీ తేలిక ద్రవాలు ప్లాస్టిక్ వైపు రావు, ఇంకా బిటుమెన్ వైపే లాగబడతాయి. అనుసంధానం అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఒకే ముడిసరుకు కోసం రెండు పరిశ్రమలూ పోటీపడే చోట అది పొత్తు కాదు, పేచీ.

బిటుమెన్‌లోని అత్యంత బరువైన భాగాన్ని గ్యాస్‌గా మార్చి వాడుకోవాలన్న ప్రయత్నాలూ జరిగాయి. లాంగ్ లేక్ ప్రాజెక్టులో అడుగు సరుకును ఆక్సిజన్‌తో పాక్షికంగా మండించి హైడ్రోజన్, ఇంధనం సొంతంగా చేసుకునేలా ప్లాంటు కట్టారు. లోపలికి సహజవాయువు కొనే అవసరం బాగా తగ్గాలన్నది ఆలోచన. నడపడం మాత్రం మొదటినుంచీ కష్టంగానే సాగింది. 2016 జనవరిలో అక్కడ పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అప్‌గ్రేడర్ మూతపడింది. రెడ్‌వాటర్ దగ్గరి స్టర్జన్ రిఫైనరీ అదే గ్యాసిఫికేషన్‌ను వేరే క్రమంలో పెట్టి, 2020 నుంచి బిటుమెన్‌ను నేరుగా డీజిల్ చేస్తోంది. దాని కట్టుబడి ఖర్చు మొదటి అంచనాను ఎంతో దాటి వెయ్యి కోట్ల కెనడా డాలర్ల దగ్గరికి చేరింది. మరో ప్లాంటు కట్టాలనుకునేవాళ్లకు ఆ అంకె చూస్తేనే టెన్షన్.

గుజరాత్‌లోని జామ్‌నగర్ అనుభవం ఇక్కడ పక్కన పెట్టి చూడదగ్గది. రిలయన్స్ రిఫైనరీల్లోనూ కోకర్లు ఉన్నాయి, గ్యాస్ పుడుతుంది, అంతకుముందు అదీ కొలిముల్లోకే వెళ్లేది. 2018 నాటికి ఆ గ్యాస్ నుంచే ఏటా 15 లక్షల టన్నుల ఇథిలీన్ చేసే ప్లాంటు నడపడం మొదలుపెట్టారు. కొలిమికి బదులు ఇంధనం కావాలి కదా, దానికి కోక్‌నే గ్యాస్‌గా మార్చే ప్లాంటు కట్టారు. కోకర్, గ్యాస్ ప్లాంటు, కోక్ గ్యాసిఫైయర్, ప్లాస్టిక్ ప్లాంటు అన్నీ ఒకే కంచె లోపల, ఒకే యజమాని కింద, ఓడరేవు పక్కన. ఆల్బర్టాలో కోక్ పరిస్థితి వేరు. సముద్రానికి దూరం, అక్కడే బొగ్గూ గ్యాసూ చవక. అందుకే పది కోట్ల టన్నులకు పైగా కోక్ గనుల పక్కన గుట్టలుగా పడి ఉంది. ఆ గుట్టలు కార్బన్ తీసెయ్యడమనే మొదటి దారికి చెల్లించిన మూల్యం.

విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీ విస్తరణలో భాగమైన ఏటా 35.5 లక్షల టన్నుల అవశేషాలను, అంటే అడుగు సరుకును మార్చే యూనిట్ రెండో దారికి, అంటే హైడ్రోజన్ ఎక్కించే దారికి చెందినది. అందులో ఉత్ప్రేరకం గుళికలు ద్రవంలో తేలుతూ కదులుతుంటాయి. స్కాట్‌ఫర్డ్ అప్‌గ్రేడర్‌లో వాడే పద్ధతి కూడా ఇదే కుటుంబానిది. అడుగు సరుకుతో పడే తంటాలు ఉత్తర ఆల్బర్టాలోనైనా, విశాఖ రిఫైనరీ ఉన్న మల్కాపురంలోనైనా ఒకే రసాయనశాస్త్రానికి లోబడి ఉంటాయి.

ప్రభుత్వం వైపు నుంచి ప్రోత్సాహం లేకపోలేదు. ఆల్బర్టా 2016లో ప్రకటించిన రాయల్టీ రాయితీల్లో హార్ట్‌లాండ్ కాంప్లెక్స్‌కు 20 కోట్ల డాలర్లు, కువైట్ భాగస్వామ్యంలోని మరో పాలీప్రొపిలీన్ ప్రాజెక్టుకు 30 కోట్ల డాలర్లు కేటాయించింది. మొదటిది పూర్తయింది. రెండోదాన్ని 2020 చివర్లో నిరవధికంగా ఆపేశారు. బిటుమెన్‌లోని బరువైన ఆస్ఫాల్టీన్ల నుంచి కార్బన్ ఫైబర్ దారాలు తీయాలని ఆల్బర్టా ఇన్నోవేట్స్ సంస్థ పరిశోధనలకు నిధులిస్తోంది. ఉంగరాలను విరగ్గొట్టకుండా వాటినే బలంగా మలచుకునే ఆలోచన కాబట్టి, స్టైరీన్ లాగే ఇదీ బిటుమెన్ స్వభావానికి దగ్గరి దారి. మార్కెట్‌కు రావడానికి ఇంకా చాలా పని ఉంది.

ఈలోగా నూనె మాత్రం ఆగదు. ఆల్బర్టా ఇప్పుడు రోజుకు 30 లక్షల బారెళ్లకు పైగా బిటుమెన్ తీస్తోంది. అందులో సగానికి పైగా ఆవిరి పద్ధతిలో తీసేది, దానిలో ఎక్కువ భాగం అప్‌గ్రేడర్ మెట్టు ఎక్కకుండానే ద్రావకం కలుపుకుని సరిహద్దు దాటుతుంది. 2024 మేలో మొదలైన ట్రాన్స్ మౌంటెన్ పైపులైను విస్తరణ పశ్చిమ తీరానికి ఉన్న దారిని కూడా వెడల్పు చేసింది. అలా వెళ్లిన బిటుమెన్‌ను ఎక్కడో ఒకచోట విరగ్గొట్టాల్సిందే. ఇండియానాలోని వైటింగ్ రిఫైనరీ 2013లో కెనడా బరువు నూనె కోసమే రోజుకు లక్ష బారెళ్ల పెద్ద కోకర్ కట్టుకుంది. ఆ డ్రమ్ముల పైనుంచి లేచే గ్యాస్‌లోనూ ప్రొపిలీన్ ఉంటుంది. దాన్ని పట్టుకోవాలో కాల్చాలో నిర్ణయించేది ఇక ఆల్బర్టా కాదు.